మూతి కుదరని తూటా

మా బావ కుడికన్ను పోవడానికి కారణం నేను. మొదట్లో ఊరంతా పిట్టల్ని తోలడానికి కట్టిన ఔటు, అంటే తాటాకు టపాకాయ, చేతిలో పేలిందనుకుంది. ఆ కథ అల్లింది నేనే. తర్వాత కేసయింది, తుపాకీ తూటా అని తెలిసింది, నాలుగు రోజులు నన్ను తిట్టుకున్నారు, మర్చిపోయారు. తిట్టినవాళ్లకి కూడా అసలు సంగతి తెలియదు. అది రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. కూర్చున్న ప్రతిసారీ నాకు నేనే ఏదో సాకు వెతికిపెట్టుకుని లేచిపోయాను.

కాట్రేనికోన దాటాక ఉప్పుగాలి కొట్టే చోట మాకు చేపల చెరువులున్నాయి. వరి పండని నేల, తవ్వించాక బాగానే అక్కరకొచ్చింది. ఇంట్లో మా నాన్నగారి నాటి ఒంటిగొట్టం తుపాకీ ఒకటుండేది. పంట కాపలాకని ఆయనకిచ్చిన లైసెన్సు ఆయన పోయాక నా పేరు మీదికి మారింది. ఎన్నికలొచ్చినప్పుడల్లా దాన్ని దుప్పటిలో చుట్టి స్టేషనులో అప్పజెప్పడం, అయ్యాక తెచ్చుకుని బీరువాలో పెట్టుకోవడం. చాలా ఏళ్లు అంతకుమించి దానితో పనిలేదు.

చెరువులు తవ్వించాక పని పడింది. తెల్లారేసరికి నీటికాకులు నల్లగా దిగేవి. ఒక్కోటి మునిగి లేచి, మెడ పైకెత్తి, బతికున్న చేపను గుటుక్కున మింగుతుంటే దాని ఖరీదు లెక్కేసుకునేవాణ్ణి. పక్క చెరువుల వాళ్లు పైన వల కట్టించారు. మెరిసే రిబ్బన్లు కట్టినవాళ్లూ ఉన్నారు. నేను మాత్రం గట్టు మీద నిలబడి తుపాకీ ఆకాశంలోకి పేల్చేవాణ్ణి. ఆ మోతకి గుంపంతా ఒక్క ఊపున లేచి పాయ వైపు వెళ్లిపోయేది. అది చూడడం నాకు సరదా. చుట్టుపక్కల తుపాకీ ఉన్న రైతును నేనొక్కణ్ణే. వల కట్టిస్తే సరిపోయేదని అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు.

తూటాలు లైసెన్సులో రాసినన్నే ఇస్తారు. అవీ కాకినాడ వెళ్లి తెచ్చుకోవాలి. రోజూ పేలిస్తే పెట్టె ఎంతో కాలం వచ్చేది కాదు. పేలిన గుల్లల్ని పారేయడానికి నాకు చేతులు రాలేదు. ఇత్తడి అడుగు, ఎర్రటి గొట్టం, తుడిస్తే కొత్తదానిలాగే ఉండేవి. ఒక రోజు ఫోనులో చూశాను, ఎక్కడో చలిదేశాల్లో మనుషులు తమ షెడ్లలో కూర్చుని వాడిన గుల్లల్నే మళ్లీ నింపుకుంటున్నారు. ఒకటి చూస్తే దాని కింద ఇంకోటి వచ్చింది. అందరూ చెప్పిన మాట ఒకటే. మొదలుపెట్టడానికి పెద్ద సామాను అక్కర్లేదు, చవగ్గానే అయిపోతుంది, కానీ తూకం యంత్రం దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు. అందులో మొదటి సగం నా చెవికెక్కింది.

తుపాకీల దుకాణం పెద్దాయన్ని అడిగితే ఆయన కళ్లద్దాలు తీసి నన్ను చూశారు.

"మీ లైసెన్సు తూటా కొనుక్కోడానికండీ, కూరుకోడానికి కాదు. మీ నాన్నగారు నాకు తెలుసు. ఆయన ఇలాంటి పని అడగలేదు."

"ఊరికే అడిగేనండి," అన్నాను.

"ఊరికే అడిగినోళ్లే చేస్తారండీ," అని లోపలికి వెళ్లిపోయారు.

కావలసినవి తర్వాత ఎక్కడెక్కడో సంపాదించాను. ఎక్కడో, ఎలా నింపానో ఇక్కడ రాయను. చేయదలచుకున్నవాడికి దారి చూపడం కోసం కాదు ఇది రాస్తున్నది.

నాకు అంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందంటే మా ఇళ్లల్లో బాణసంచా మందు అంటే భయం లేదు. దీపావళికి టపాకాయలు కొనుక్కోవడం చేతకానితనం కింద లెక్క. చాటల్లో మందు ఎండబెట్టడం, తాటాకు ఔట్లు కట్టడం, జువ్వల గొట్టాలు కూరడం చిన్నప్పట్నుంచీ చూసినవే, చేసినవే. జువ్వ కూరేటప్పుడు కర్ర పెట్టి సుత్తితో కొట్టి దట్టించాలి. ఎంత దట్టిస్తే అంత పైకి పోతుంది. చెయ్యి లూజుగా ఉందంటే అది అరుగు మీదే తిరిగి ఆడవాళ్ల చీరల్లోకి దూరుతుంది. "గట్టిగా కూరరా, నీ చేతిలో పస లేదా?" అని మా పెదనాన్నగారు మొట్టేవారు. మందు కాస్త ఎక్కువైతే మరికాస్త బాగా మోగుతుంది, అంతే. ఇది మా చేతులకి పట్టిన చదువు. తూటా కూడా అదే చదువులోకి వస్తుందనుకున్నాను. తూకం కొనలేదు. దగ్గుమందు సీసా మూత ఒకటి కొలతకి పెట్టుకున్నాను.

మా బావ గురించి చెప్పాలి. మా చెల్లెలి భర్త, నాకంటే రెండేళ్లు పెద్ద. మస్కట్‌లో చాలా ఏళ్లు బండి నడిపాడు. ఒప్పందం అయిపోయి వచ్చి, మళ్లీ పెద్ద బండి డ్రైవరుగా పిలుపు కోసం చూస్తున్నాడు. పిలుపు వచ్చింది కూడా. మూడు వారాల్లో మెడికల్. అందులో కళ్లు గట్టిగా చూస్తారు. అప్పటిదాకా ఊరికే కూర్చోలేక నాతో చెరువుల మీదికి వచ్చేవాడు. మేత చల్లేవాడు, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లలో నాచు తీసేవాడు. అడక్కుండా చేసేవాడు.

నా తూటాల పని అతనికి వేళాకోళం.

"ఏం బామ్మర్దీ, గారెలు వండుతున్నావా?" అని చెరువు గట్టు మీది షెడ్డు గుమ్మంలో నిలబడి నవ్వేవాడు.

"నీకెందుకు బావా, నువ్వు పోయి మేత చల్లు."

"నీ తూటాకి కాకులు బెదరటంలేదురా బాబూ. నువ్వు కూర్చున్న తీరు చూసే బెదిరిపోతన్నాయి. ముఖం చూడు, పరీక్ష రాస్తున్నట్టు!"

మొదటి రెండు విడతలు బాగానే పేలాయి. మోత కాస్త అటూ ఇటూ ఉండేది. ఒకటి తుస్సుమంటే మరొకటి భుజం మీద గట్టిగా తన్నేది. నేను దాన్ని లోపంగా చూడలేదు. ఇంట్లో చేసిన దానికి అలాగే ఉంటుందనుకున్నాను. చెరువుల రైతులు ఇద్దరు ముగ్గురు వచ్చి చూస్తే వాళ్ల ముందు గుల్ల పైకెత్తి, "పారేసే సరుకండీ ఇది. దీన్నే మళ్లీ వాడుతున్నాను," అని చెప్పుకున్నాను. డబ్బుకి ఇబ్బంది పడి చేసిన పని కాదు. ఆదా చేయడం వచ్చినవాణ్ణని అనిపించుకోవాలి, అంతే. అదే నెల కొత్త మోటారుకి వెనకా ముందూ చూడకుండా డబ్బిచ్చాను.

మూడో విడత ఒక మధ్యాహ్నం కూర్చున్నాను. వాన పట్టి ఉంది. వరసగా గుల్లలు నిలబెట్టి మూతతో మందు పోస్తున్నాను. మధ్యలో ఫోను మోగింది. అవతలి చెరువు దగ్గర ఏరేటరు ఆగిపోయిందని బావ చెప్పాడు. లేచి వెళ్లి, వైరు సరిచేయించి, గంట పోయాక వచ్చి కూర్చున్నాను. ఎక్కడ ఆపానో గుర్తు లేదు. వరసలో ఒక గుల్లకి పోశానా, పోయలేదా?

అన్నీ ఒంపేసి మొదటినుంచి పోసుకోవచ్చు. పావుగంట పని. ఒంపితే మందు నేల పాలవుతుందని, చెమ్మకి పాడవుతుందని ఒంపలేదు. పోయలేదులే అనుకుని పోశాను. ఒకవేళ పోసి ఉన్నా ఎక్కువైతే ఏమవుతుంది, బాగా మోగుతుంది అని, ఈ మాట నా మనసులో ఇలాగే, ఈ మాటలతోనే అనుకున్నాను. నింపాక మిగతావాటి మూతి మడత చక్కగా కుదిరింది. ఆ ఒక్కదానికి కుదరలేదు. ఉబ్బెత్తుగా నిలబడింది. బొటనవేలితో అదిమాను. కుదరలేదు. జువ్వ కూరే కర్ర తెచ్చి దట్టించాను. అప్పుడు కుదిరింది.

ఇదే ఊళ్లో ఎవరికీ తెలియనిది. ఆ తూటా మంచిది కాదని నా వేలికి తెలిసింది. పక్కన పడేయకుండా మిగతావాటితో కలిపి రేకు డబ్బాలో వేశాను.

రెండు రోజుల తర్వాత తెల్లారి గట్టు మీదికి వెళ్లాం. కాకులు దిగి ఉన్నాయి. తుపాకీ నా చేతిలో ఉంది. లైసెన్సు నాది, ఇంకొకరు ముట్టుకోకూడదు. అయినా బావ సరదా పడితే అప్పుడప్పుడు ఇచ్చేవాణ్ణి.

"మస్కట్ వెళ్లిపోతే మళ్లీ ఎప్పుడు దొరుకుద్దో. ఇవాళ నన్ను కాల్చనీ," అన్నాడు.

డబ్బాలో చెయ్యి పెట్టాను. ఆ ఉబ్బుమూతి తూటా గుర్తొచ్చింది. గుర్తు రాలేదని రాస్తే నాకే సుఖం, కానీ వచ్చింది. తడిమితే దొరికేది. తడమకుండా చేతికి దొరికినదాన్ని తీసి తుపాకీతో పాటు ఇచ్చాను.

మోత మామూలుగా లేదు. గుంపు లేచిన రెక్కల చప్పుడు కూడా నాకు వినపడలేదు. పొగ తేలాక చూస్తే బావ గట్టు మీద మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. కుడి అరచేత్తో ముఖం మూసుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం ముంజేతి మీదికి కారుతోంది. తుపాకీ తూటా పెట్టే చోట చీలిపోయి ఉంది.

నేను మొదట తుపాకీ తీశాను. దాన్ని షెడ్డులో మేత బస్తాల వెనక తోసి, అప్పుడు వచ్చి అతని ముఖానికి కండువా కట్టాను. ఆ కాస్త సేపూ అతను అలాగే కూర్చుని ఉన్నాడు.

"కన్నుందా బామ్మర్దీ?" అని అడిగాడు. "చూసి చెప్పు. ఉందా?"

"ఉంది బావా. ఏం కాలేదు. ఒరుసుకుపోయిందంతే."

చూడలేదు. చూడకుండానే చెప్పాను.

బండి మీద వెనక కూర్చోబెట్టుకుని అమలాపురం తీసుకెళ్లాను. దారిలో అతని చెయ్యి నా నడుము చుట్టూ బిగుసుకుని ఉంటే నేను కథ అల్లాను. "బావా, తూటా అని చెబితే డాక్టరు స్టేషనుకి కబురు పెడతాడు. నువ్వు కాల్చినట్టు తేలితే నీ మీద కూడా కేసవుద్ది. కేసుంటే పాస్‌పోర్టు ఆపేస్తారు, మస్కట్ పోద్ది. ఔటు పేలిందని చెబుదాం. దెబ్బ ఏదైనా వైద్యం ఒకటే కదా."

నాకు నా లైసెన్సు, నా పరువు గురించి భయం. ఆ భయాన్ని అతని వీసా మీద పెట్టి అతనికి అమ్మాను. అతను రెండో చేత్తో కండువా అదుముకున్నాడు. తర్వాత, "నువ్వే చెప్పు. నాకు మాటాడ్డానికి నొప్పిగా ఉంది," అన్నాడు.

అమలాపురంలో డాక్టరుగారు ముసలాయన, నిదానస్తుడు. కన్ను కడుగుతూ అడిగారు.

"ఏం పేలిందండీ?"

"ఔటండి. తాటాకు ఔటు."

"దీపావళికింకా నెలలుంది కదండీ?"

"చెరువు మీద పిట్టల్ని తోలడానికండి."

ఆయన చేతులు ఆపి నా వైపు తిరిగారు. "తాటాకే కదండీ? ఇనప గొట్టం, సీసా, రేకు, అలాంటిదేమైనా ఉందా? ఉంటే చెప్పండి, వైద్యం వేరేగా ఉంటుంది."

బావ ముఖం నా వైపు తిరిగింది. ఏదో అనబోయాడు. నేను అతని భుజం మీద చెయ్యి వేసి నొక్కాను.

"లేదండి. తాటాకేనండి."

వైద్యం ఒకటి కాదని ఆయన నోటితోనే చెప్పారు. విని కూడా తాటాకే అన్నాను.

ఆయన కట్టుకట్టి, చుక్కలు రాసి, రెండు రోజుల్లో తగ్గకపోతే కాకినాడ కంటి ఆసుపత్రికి వెళ్లమన్నారు. మా చెల్లెలు పరుగెత్తుకొచ్చింది. "ఔటు ఎవరు కట్టేరన్నయ్యా?" అంది.

"నేనే కట్టేనమ్మా."

"నీకు చిన్నప్పట్నుంచీ చెయ్యి దురుసే," అంది. కోపంగా కాదు. అన్నని మందలించినట్టు అంది. ఆ రోజు నాకు భోజనం కూడా పెట్టింది. తిన్నాను.

రెండు రోజులకి తగ్గలేదు. నొప్పి ఉందంటే, నేను ఇంకొక్క రోజు చూద్దామన్నాను. కాకినాడలో మళ్లీ అడుగుతారు కదా అని. ఆ రోజూ అలాగే గడిచింది. నాలుగో రోజు పొద్దున్నే చెల్లెలు ఫోను చేసింది.

"అన్నయ్యా, కట్టు తీసి చూసేను. కన్ను తెల్లగా అయిపోయిందిరా. ఆయన గోడకి తల కొట్టుకుంటన్నారు. బండి తీసుకురా."

నన్ను ఎప్పుడూ రా అనని మనిషి.

కాకినాడలో డాక్టరమ్మ నా కూతురి వయసుది. ఏదో యంత్రంలో తల పెట్టించి తీసిన బొమ్మని గోడ మీది వెలుగులో పెట్టి చూపించింది. నల్లటి గుండ్రంలో తెల్లటి మరక, బియ్యపు నూకంత.

"తాటాకు ఇందులో ఇలా కనపడదండీ. ఇది లోహం. నాలుగు రోజులుగా కంట్లో ఉంది, చీము పట్టింది. ఏం పేలిందో ఇప్పుడైనా చెబుతారా?"

చెల్లెలు పక్కనే ఉంది. బావ బెంచీ మీద తల వాల్చుకుని ఉన్నాడు. నేను చెప్పాను. "తుపాకీ తూటా అండి. ఇంట్లో నేను నింపింది."

"మొదటి రోజే ఎందుకు చెప్పలేదండీ?"

"భయమేసిందండి."

"ఎవరి గురించి?"

ఆమె కాగితాల మీద రాసుకుంటూ ఉండిపోయింది. నేనే అడిగాను, మొదటి రోజే వచ్చుంటే చూపు దక్కేదా అని.

"దక్కేదని నేను చెప్పలేనండి. దక్కించడానికి ప్రయత్నించేవాళ్లం," అంది. "ఇప్పుడు చూపు కోసం కాదు, కన్ను తీసేసి రెండోదాన్ని కాపాడుకోవాలి."

చెల్లెలు నా వైపు చూడలేదు. నేను తెచ్చిన ఇడ్లీ పొట్లం ఆమె చేతిలో ఉంది. దాన్ని తెచ్చి బెంచీ మీద నా పక్కన పెట్టి, భర్త దగ్గరికి వెళ్లి కూర్చుంది.

ఆ సాయంత్రమే ఆపరేషను చేశారు. ఆసుపత్రివాళ్లు స్టేషనుకి రాసి పంపారు. తుపాకీ తీసుకెళ్లారు, లైసెన్సు రద్దయింది, నా మీద కేసు నడుస్తోంది. వాయిదాలకి వెళ్తున్నాను. వేటికి భయపడి అబద్ధమాడానో అవన్నీ జరిగాయి. జరిగితే ఇంతేనా అనిపించింది. ఇంత చిన్నవాటి కోసమా ఆ నాలుగు రోజులు అనిపించింది. బావ మీద కేసు పెట్టలేదు. మెడికల్ తేదీ రోజున ఏజెంటు ఫోను చేస్తే చెల్లెలు తీసి, "ఆయన రారండి. వేరేవాళ్లని చూసుకోండి," అని పెట్టేసింది. ఒక కన్ను లేని డ్రైవరుని మస్కట్‌లోనే కాదు, ఎక్కడా పెద్ద బండి ఎక్కనివ్వరు.

రెండో కంటికి కూడా ఏమైనా రావచ్చని, కొన్నాళ్లు నెలనెలా చూపించాలని డాక్టరమ్మ చెప్పింది. నేను తీసుకెళ్తానన్నాను. చెల్లెలు వద్దంది. బావే, "తీసుకెళ్లనీ," అన్నాడు. అలా నెలకోసారి ఇద్దరం కాకినాడ బస్సెక్కుతున్నాం. మాటలు పెద్దగా ఉండవు. గారెలు వండుతున్నావా అని నవ్వే మనిషి ఎటో పోయాడు. ఆయ్, సరే, దిగుదాం, ఇలాంటివే.

పోయిన నెల తిరిగి వస్తుంటే, యానాం దాటి వంతెన మీదికి బస్సు ఎక్కుతుండగా చెప్పేశాను. మూతి కుదరకపోవడం, కర్రతో దట్టించడం, డబ్బాలో చెయ్యి పెట్టినప్పుడు గుర్తు రావడం, అన్నీ. అతను క్షమిస్తాడనో, కొడతాడనో, ఏదో ఒకటి అవుతుందనుకున్నాను.

అతను నా అవతలి కిటికీలోంచి గోదావరి చూస్తూ విన్నాడు.

"ఇన్నాళ్లూ అది నా తలరాతనుకున్నాను," అన్నాడు. "డ్యూటీలో పదేళ్లు బండికి గీత పడకుండా నడిపేను, ఇక్కడ పిట్టల దగ్గర కన్ను పోయింది, ఏం చేస్తాం, రాత అనుకుని పడుకునేవాణ్ణి. కాస్త నిద్ర పట్టేది."

"బావా..."

"నీ బరువు నువ్వు దించుకున్నావు. బాగుంది. ఇప్పుడు నేనెక్కడ దించాలి?"

క్షమాపణ అడగడం కూడా అతని దగ్గర ఇంకొకటి తీసుకోవడమేనని నాకు అప్పుడే తెలిసింది.

"మీ చెల్లెలికి చెప్పకు," అన్నాడు. "దానికి అన్నయ్యవు నువ్వొక్కడివే."

"చెప్పనులే," అన్నాను. చెల్లెలి దగ్గర మళ్లీ ఒకటి దాచాలి. ఈసారి అతని కోసం. ఇది రాసిన కాగితాలు ఆమె చేతికి వెళ్తే ఆ మాట కూడా తప్పినవాణ్ణవుతాను. అయినా రాశాను. ఇది మంచి పనో కాదో నాకు తెలియదు. నా మంచి పనుల మీద నాకు నమ్మకం పోయింది.

మురమళ్ల దగ్గర జనం ఎక్కారు. సీటు పక్క నిలబడినవాళ్ల సంచులు అతనికి తగులుతున్నాయి. కుడివైపు ఏం వస్తోందో అతనికి తెలియదు. తగిలాక ఉలిక్కిపడతాడు. రెండుసార్లు ఉలిక్కిపడ్డాడు.

"ఇటు మారు," అన్నాడు.

అతను కిటికీ వైపు జరిగితే నేను లేచి అతని కుడిపక్కకి వచ్చి కూర్చున్నాను. సంచులు నాకు తగులుతున్నాయి. మేం దిగేదాకా అతను నా వైపు తిరగలేదు. తిరిగితే తప్ప నేను అతనికి కనపడను.